అర అంగుళం వంకర

అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. రేకు పనివాళ్ళకీ, పాత బండ్లు కొనేవాళ్ళకీ, అమ్మేవాళ్ళకీ అతను సమం మేస్త్రీ. ఆ పేరు ఊరికే రాలేదు. దాని వెనక ముప్పై ఏళ్ళ సుత్తి దెబ్బలున్నాయి, సగం వినికిడి పోయిన కుడి చెవి ఉంది, చలికాలంలో ముడుచుకోని రెండు వేళ్ళున్నాయి. ఆ పేరు పోవడానికి మాత్రం అంత కాలం పట్టలేదు. తలుచుకుంటే ఒళ్ళు మండే కథ ఇది.

అప్పట్లో ఒక చిన్న స్పోర్ట్స్ కారు ఉండేది. మనిషి నడుము ఎత్తు కూడా ఉండదు. పొడుగాటి ముక్కు, రెండే సీట్లు, వాన పడితే లోపల కూడా పడుతుంది. దాన్ని తయారు చేసిన కంపెనీ కొన్ని వందల బండ్లు చేసి చేతులెత్తేసింది. ఆ బండ్లన్నిటికీ ఒకటే రోగం. ముందువైపు ఎడమ మడ్‌గార్డు కుడిదానికన్నా కాస్త కిందికి ఉండేది. దాంతోపాటే ఎడమ హెడ్‌లైటూ కిందికి దిగేది. ఎదురుగా నిలబడి చూస్తే బండికి ఒక కంట్లో నిద్ర తీరనట్టు ఉండేది. అచ్చులో తప్పట. దిద్దడానికి కంపెనీ దగ్గర డబ్బు లేదు, దిద్దాలన్న సిగ్గు అంతకన్నా లేదు.

మేస్త్రీ ఆ వంకర చూడలేకపోయేవాడు. మనుషుల్లో ఎన్ని వంకరలున్నా సర్దుకుపోయేవాడు గానీ, రేకులో వంకర కనిపిస్తే అతనికి అన్నం సహించేది కాదు. తొలిసారి ఒక పళ్ళ డాక్టరు తుప్పు పట్టిన బండి తెచ్చి, తుప్పు మాత్రం తీయమన్నాడు. మేస్త్రీ తుప్పూ తీశాడు, అడక్కుండానే ఎడమ మడ్‌గార్డు కోసి పారేసి, కొత్త రేకు కొట్టి కుడిదానితో సమం చేశాడు. డాక్టరు బండి ముందు నిలబడి చాలాసేపు చూశాడు. "ఇన్నాళ్ళూ దీనికేం తక్కువయిందో నాకు తెలియలేదు మేస్త్రీ," అన్నాడు. అంతే, కాళ్ళు అరిగేలా తిరిగినా దొరకని పని తనంతట తనే షెడ్డు వెతుక్కుంటూ వచ్చింది.

షెడ్డు మేస్త్రీది కాదు, మామగారిది. సుత్తి పట్టుకోవడం నేర్పింది ఆయనే, పిల్లనిచ్చిందీ ఆయనే. షెడ్డు వెనక రెండు గదులున్నాయి. మేస్త్రీ భార్య ఆ గదుల్లో పెద్దదాంట్లో పుట్టింది, పెళ్ళయ్యాక కూడా అక్కడే ఉంది. రంగులు కలపడం ఆమె పని. ఎండకి వెలిసిపోయిన పాత రంగు పక్కన ఆమె కలిపిన రంగు వేస్తే ఏది పాతదో, ఏది నిన్నటిదో పట్టుకున్నవాడు లేడు. మేస్త్రీ రేకు గురించి ఊరంతా మాట్లాడింది గానీ, ఆమె రంగు గురించి ఎవరూ మాట్లాడలేదు. తెలియకపోవడమే ఆ పనిలో గొప్ప కాబట్టి ఆమె కూడా నోరెత్తలేదు.

మొదట్లో ఆ బండ్లకు వెల లేదు. కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న బండి ఒకదాన్ని మేస్త్రీ తనకోసం స్కూటరు టైర్ల జత ధరకి కొన్నాడు. "కోళ్ళతో సహా బేరమాడాల్సింది," అంది భార్య. ఆ తర్వాత డబ్బున్న మారాజులకి చిన్నప్పటి మోజులు గుర్తొచ్చాయి. ధరలు మెట్టు మెట్టుగా ఎక్కి, ఒకనాటికి కొండెక్కి కూర్చున్నాయి. పేపర్లో ప్రకటనలు వచ్చేవి: 'సమం మేస్త్రీ చేతి పని.' ఆ నాలుగు మాటలు ఉంటే బండికి నాలుగో వంతు ఎక్కువ పలికేది. ఒక బ్రోకరు ఆ ప్రకటనలు వేయించేవాడు. ఎప్పుడూ చొక్కా జేబులో మూడు పెన్నులు పెట్టుకుని, ఒక్కదాంతోనూ రాయని మనిషి.

ధర నడినెత్తి మీద ఉన్న రోజుల్లోనే భార్య అడిగింది.

"మన బండి అమ్మేద్దామండీ. తమ్ముడి దగ్గర షెడ్డు కొనేసుకుందాం. కొన్నాక కూడా మిగులుతుంది."

మామగారు పోయాక షెడ్డు ఆయన కొడుకు పేరు మీదికి వచ్చింది. అక్క ఉంది కదా అని అద్దె నామమాత్రంగా తీసుకునేవాడు. ఉండనిచ్చినన్నాళ్ళు ఉంటున్నారు, అంతే.

"ఇంకా పెరుగుతుందే," అన్నాడు మేస్త్రీ. "పైగా మన బండి పని అవ్వలేదు కదా."

అవ్వలేదు మరి. జనం బండ్లకు చేసినన్నాళ్ళు సొంత బండి ఒక మూల దుప్పటి కప్పుకుని పడుంది. ఆ మూలన పడున్నదాని ఎడమ మడ్‌గార్డు అప్పటికే లేదు. ఆ పాత రేకుని ముక్కలు చేసి ఇతరుల బండ్లకి అతుకులు వేసేశాడు. రేకు పనిలో అది మామూలే, కాలం నాటి రేకుకి కాలం నాటి రేకే అతుకుతుంది. అలా అతని బండి తోలు ఎనిమిది బండ్ల మీద తిరుగుతోంది.

ఇంతలో ఒక పెద్దాయన పోయాడు. ఆయన ఎవరికీ చెప్పకుండా ఒక గోడౌన్లో ఆ కార్లు పదకొండు దాచాడట. దుమ్ము కూడా దులపలేదు. ఒక్కసారిగా పదకొండు వచ్చి పడితే ధర పడిపోతుందని మేస్త్రీతో సహా అందరూ అనుకున్నారు. పడింది, కానీ వాటిది కాదు. కంపెనీ గేటు దాటినప్పుడు బండి ఎలా ఉండేదో జనం తొలిసారి చూశారు. ఎడమ కన్ను దించుకున్న ఆ మొహాలు ఫోటోల్లో ఊరూరా తిరిగాయి. ఇదిగో ఇదీ అసలు బండి అన్నారు. మొన్నటిదాకా రోగమన్న వంకర ఇవాళ అందమయింది. సొట్టలున్నవి, తుప్పున్నవి, చెయ్యి పడనివి రెండింతలు పలికాయి. సుబ్బరంగా, సమంగా ఉన్నవాటి మొహం చూసేవాడు లేడు. డబ్బున్నవాళ్ళకి ఎప్పుడు ఏది ముద్దొస్తుందో ఎవరికీ తెలియదు. మేస్త్రీకి అసలే తెలియదు.

అదే నెలలో బావమరిది వచ్చాడు. షెడ్డులో కుర్చీ ఉన్నా నిలబడే ఉన్నాడు. నిలబడి మాట్లాడే చుట్టం మంచి మాట తేలేదని అక్కకి అర్థమైంది.

"బావా, గోడౌన్ కట్టుకునేవాళ్ళు అడుగుతున్నారు. మంచి ధర. నాకూ ఇబ్బందులున్నాయి."

"ఇబ్బందులు లేనిదెవరికిరా?" అంది అక్క.

"అందుకే నాలుగు నెలలు ఆగుతానక్కా. వాళ్ళిచ్చేదే మీరివ్వండి, మీకే రాసిస్తా. రూపాయి ఎక్కువ అడగను."

"తక్కువ కూడా అడగవుగా," అన్నాడు మేస్త్రీ. బావమరిది నవ్వలేదు. నాలుగు నెలలని ఇంకోసారి చెప్పి వెళ్ళిపోయాడు.

అమ్మాల్సింది ఒకటే ఉంది. మేస్త్రీ నెలన్నర ఒళ్ళు వంచి సొంత బండి పూర్తి చేశాడు. అతని చేతిలోంచి వచ్చిన బండ్లలో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. మడ్‌గార్డు మీద అరచెయ్యి పెట్టి జరిపితే ఎక్కడా ఆగేది కాదు. వేలం కంపెనీకి కబురు చేస్తే వెల కట్టే అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, మోకాళ్ళ మీద కూర్చోవడానికి చిన్న దిండు తెచ్చుకుంది. అయస్కాంతం, రంగు మందం చెప్పే యంత్రం, ఒక పొడుగు స్కేలు తీసి అంగుళం అంగుళం వెతికింది. మేస్త్రీకి ఆ పద్ధతి నచ్చింది. పని తెలిసిన పిల్ల అనుకున్నాడు.

"ఎడమ మడ్‌గార్డు ఫ్యాక్టరీది కాదండీ," అంది.

"కాదమ్మా."

"సమం బండి ఇది."

ఆ మాటకి మేస్త్రీ ఛాతీ ఉబ్బింది. "అవును," అన్నాడు.

"అయ్యో, మీకు ముందే తెలుసా? తెలిసే కొన్నారా?" అని ఆ పిల్ల నిజంగానే జాలిపడింది. "ఎవరో మేస్త్రీ ఉండేవాడటండీ. దొరికిన బండినల్లా రెండు వైపులా సమం చేసి పాడు చేశాడు. ఇప్పుడు వాటిని ఎవరూ అడగట్లేదు. మేం జాబితాలో వాటికి వేరే గడి పెట్టాం. పైగా ఎన్నో ఉన్నాయి. ఒకప్పుడు ఈ మోడల్లో తిరిగేవి పదో పన్నెండో ఉండేవి, ఇప్పుడు యాభై దాటాయి. ఎక్కువున్నదానికి ధరేముంటుంది? సమం బండ్లే ముప్పై ఎనిమిది తేలాయి."



"ముప్పై తొమ్మిదమ్మా," అన్నాడు మేస్త్రీ.

ఆ పిల్ల గోడకి వరుసగా తగిలించిన సుత్తుల వైపు చూసింది, అతని చేతుల వైపు చూసింది. మొహం ఎర్రబడింది. కాగితం మీద ఒక అంకె రాసి ఇచ్చింది. అది షెడ్డు ధరలో మూడో వంతు కూడా లేదు. చచ్చిన బండ్లను పుటకలోని తప్పు కూడా దిద్ది బతికించినందుకు అతనికి దక్కింది జాబితాలో ఒక గడి.

ఆ వారమంతా మేస్త్రీ సుత్తి ముట్టలేదు. ఎనిమిదో రోజున మూడు పెన్నుల బ్రోకరు వచ్చాడు.

"మేస్త్రీ, మనం మునిగిపోలేదు. నా దగ్గర ఎనిమిది మందున్నారు, అన్నీ నీ బండ్లే. నువ్వే వంకర తీశావు కదా. మళ్ళీ పెట్టు."

"ఏంటి?"

"వంకర పెట్టవయ్యా. ఫ్యాక్టరీవాడు పెట్టినట్టే. మీ ఆవిడ వేరే రంగు వేసి పాతగా చేసి పెడుతుంది, కాగితాలు నేను మారుస్తా. వేలంలో అమ్ముడవగానే పెరిగిన ధరలో నీకు మూడో వంతు. నీ బండితో కలిపి తొమ్మిది. షెడ్డు నీది."

మేస్త్రీ నోటికి ఎంతొస్తే అంతా అన్నాడు. నా చేత్తో నేను రేకుని పాడు చెయ్యాలా, దొంగ పని చెయ్యాలా అని గట్టిగా అరిచాడు. బ్రోకరు చలించలేదు. "దొంగతనం ఏముంది ఇందులో? ఉన్నదాన్ని ఉన్నట్టు చేయడమేగా," అని తీరిగ్గా లేచి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ మేస్త్రీ భార్య వైపు ఒక చూపు చూశాడు, మిగతాది నువ్వు చూసుకో అన్నట్టు.

ఆమె చూసుకుంది.

"ఎందుకండీ అంత అరుస్తారు?"

"వాడన్నది వినలేదా? అది తప్పే."

"తప్పే. నేను కాదనట్లేదు. నాలుగు నెలల్లో రెండు అయిపోయాయి. అప్పుడు అమ్ముదామంటే ఇంకా పెరుగుతుందన్నారు. అప్పుడు నేను మాట్లాడలేదు. ఇప్పుడు నేను పుట్టిన గదిలోంచి సామాను మొయ్యాలి. ఈ వయసులో మీకు ఇంకొకడు తన షెడ్డులో రోజు కూలి ఇస్తాడా? ఆ చెవితో?"

"పేరు పోతుందే."

"పేరు పోయిందిగా. ఆ పిల్ల మీ ముందే చెప్పింది."

 ఆమె మాట కటువుగా ఉన్నా నిజం. అతనికి అన్నిటికన్నా అదే నొప్పిగా ఉంది.

మర్నాడు సొంత బండితో మొదలుపెట్టాడు. తీరా మొదలుపెట్టాక చెయ్యి మాట వినలేదు. దించి కొట్టిన చోట దానంతట అదే ఎత్తుకుంటోంది, సాయంత్రానికి చూస్తే మడ్‌గార్డు మళ్ళీ సమంగానే ఉంది. ముప్పై ఏళ్ళ అలవాటు ఒక్క రోజులో చెప్పుచేతల్లోకి రాదు. మూడు రోజులు అలా అయ్యాక ఒక ఉపాయం చేశాడు. పెద్దాయన దాచిన పదకొండులో ఒకదాన్ని బ్రోకరు గంటసేపు తెచ్చి నిలబెడితే దాని వంకర కొలిచాడు. సరిగ్గా అర అంగుళం ఉంది. ఆ వంకరకి సరిపడా చెక్క అచ్చు ఒకటి చేయించుకుని, రేకుని దాని మీద పెట్టి కొట్టాడు. అచ్చు మీద పెడితే చెయ్యి వింది.

ఆ తర్వాత పని పరుగెత్తింది. ఒక్కో బండి వచ్చినప్పుడు మేస్త్రీ దాన్ని గుర్తుపట్టేవాడు. ఇది డాక్టరుది, ఇది ఫలానా ఏడాది వానాకాలంలో వచ్చింది, దీని తలుపు రేకు మన బండిది. బాగున్న మడ్‌గార్డు కొయ్యడానికి కత్తెర పెట్టేటప్పుడు మొహం పక్కకి తిప్పుకునేవాడు. భార్య పక్కనే కూర్చుని కొత్త రంగు మీద ముతక గుడ్డతో రుద్దేది, టీ నీళ్ళలాంటి పలుచటి రంగు పూసేది, ఎండలో పెట్టేది, మళ్ళీ రుద్దేది.  ఒకసారి ఆమె, "ఎదురుగా చూస్తుంటే ముద్దుగానే ఉంది కదండీ," అంది. మేస్త్రీ సుత్తి కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. గంట తర్వాత వచ్చి పనిలో కూర్చున్నాడు.

నాలుగో నెల ఆఖరి వారంలో తొమ్మిది బండ్లూ వేలం కంపెనీ ఆవరణకి చేరాయి. అమ్మకానికి రెండు రోజుల ముందు పరీక్ష. బ్రోకరు పొద్దున్నే ఫోన్ చేసి, రంగు ఎక్కడైనా గీసుకుపోతే చూసుకోవడానికి ఇద్దరూ రావాలన్నాడు. భార్య చేతి సంచిలో చిన్న డబ్బాలు సర్దుకుంది. బావమరిదికి ముందురోజే చెప్పింది, ఇంకో మూడు రోజులు ఓపిక పట్టరా అని. సరేనన్నాడు.

పరీక్ష చేస్తున్నది ఆ పిల్లే. తొమ్మిదింటినీ వరుసలో నిలబెట్టించి, దిండు వేసుకుని, ఒక్కోదాని ముందు మోకరిల్లి కొలుస్తూ వెళ్ళింది. రంగు దగ్గర ఎక్కడా ఆగలేదు. యంత్రం పెట్టింది, భూతద్దం పెట్టింది, తల ఊపి ముందుకు కదిలింది. మేస్త్రీ భార్య ఊపిరి పీల్చుకుంది. ఐదో బండి దగ్గర ఆ పిల్ల ఆగింది. వెనక్కి వచ్చి మొదటిది మళ్ళీ కొలిచింది. ఆ తర్వాత స్కేలు పక్కన పెట్టి, ఇంకా సన్నని కొలత పరికరం తెప్పించుకుని, తొమ్మిదీ మొదటినుంచి కొలిచింది. అప్పటికే బ్రోకరు జేబులోంచి ఒక పెన్ను తీసి చేతిలో తిప్పడం మొదలుపెట్టాడు.

ఆమె బ్రోకరు దగ్గరికి వెళ్ళలేదు. తిన్నగా మేస్త్రీ దగ్గరికి వచ్చింది. కోపం లేదు ఆమె మొహంలో.

"ఇవి మీరే చేశారు కదండీ?"

మేస్త్రీ నేల చూశాడు.

"గోడౌన్లో దొరికిన పదకొండూ నేనే కొలిచానండీ. ఏ రెండింటికీ వంకర ఒకేలా లేదు. ఒకదానికి పావు అంగుళం, ఇంకోదానికి ముప్పావు. అచ్చు వదులై ఊగుతుండేది కాబట్టి ఎప్పుడెలా పడితే అలా వచ్చేది. మీరు ఇన్ని బండ్లు చేశారు, విప్పేటప్పుడు ఎప్పుడూ కొలవలేదా?"

కొలవలేదు. కోసి పారేసే వంకరని కొలవాలని అతనికి ఎప్పుడూ తోచలేదు. కొలిచింది ఒక్కటే, మొన్న గంటసేపు తెచ్చిన బండిది.

"ఈ తొమ్మిదింటికీ అర అంగుళమే ఉంది. వెంట్రుక వాసి తేడా లేదు. ఫ్యాక్టరీకి అది చేతకాదండీ. నేను వీటిని వేలానికి తీసుకోలేను. జాబితాలోంచి కూడా తీసేయాలి."

బ్రోకరు గొంతు పెంచాడు. తనకేం తెలియదన్నాడు, మేస్త్రీని నమ్మి మోసపోయానన్నాడు. ఎనిమిది మంది యజమానులకి ఇదే చెప్తానని అక్కడికక్కడే ఫోన్ తీశాడు. భార్య సంచి నేల మీద పెట్టేసి, పక్కనున్న సిమెంటు గట్టు మీద కూలబడింది. రెండు రోజులు పోతే గోడౌన్ కట్టుకునేవాళ్ళు షెడ్డుకి వస్తారు. ఎక్కడికి వెళ్ళాలో ఆమె ఇంకా ఆలోచించలేదు, ఆలోచించాల్సిన పని పడదనుకుంది.

మేస్త్రీ ఆ పిల్ల వైపే చూస్తున్నాడు.

"తొమ్మిదింటికీనా?" అన్నాడు.

"తొమ్మిదింటికీ."

"చివరనున్న ఎర్రదానికి కూడా? దాని రేకు బాగా అలిసిపోయింది. రెండు చోట్ల చిరిగింది కూడా."

"దానికి కూడానండీ."

మేస్త్రీ మొహం వెలిగింది. ఆపుకోవాలని కూడా అతనికి తోచలేదు. బాగా వినపడే చెవి ఆ పిల్ల వైపు తిప్పి, మళ్ళీ చెప్పించుకుందామన్నట్టు ఒక అడుగు ముందుకు వేశాడు. తర్వాత భార్య వైపు తిరిగి, ఆమె కూడా సంతోషిస్తుందన్నట్టు, "విన్నావా? వెంట్రుక వాసి కూడా లేదట," అన్నాడు.

ఆమె తల ఎత్తి అతని మొహం చూసింది. పాతికేళ్ళుగా ఆ మొహం చూస్తూనే ఉంది. బండి ఇప్పుడే అమ్మనన్నప్పుడు చూసింది, ఆ పిల్ల కాగితం ఇచ్చినప్పుడు చూసింది. అన్నిటినీ ఓర్చుకుంది గానీ ఈ నవ్వు ఓర్చుకోలేకపోయింది.

"షెడ్డు పోయిందండీ," అంది.

"ఆ..."

"మా నాన్న షెడ్డు."

అప్పటికి అతనికి తెలిసింది. నవ్వు మొహం మీద నుంచి దిగడానికి ఇంకా కొంచెం టైము పట్టింది, అది ఆమె చూస్తుండగానే పట్టింది. ఆమె సంచి తీసుకుని లేచింది. ఒకదాని వెనక ఒకటి ఒకేలా కన్ను దించుకుని నిలబడ్డ తొమ్మిది బండ్ల ముందు నుంచి నడుచుకుంటూ, వెనక్కి చూడకుండా గేటు దాటి బస్సు స్టాపు వైపు వెళ్ళిపోయింది. మేస్త్రీ పిలవబోయాడు. పాతికేళ్ళుగా అతను కూడా ఆమెని పేరు పెట్టి పిలిచింది లేదు, ఏమని పిలవాలో ఆ క్షణంలో తోచలేదు.